స్వభావోక్తి – ప్రకృతి దృశ్య ఛాయాచిత్రం: ఆన్సెల్ ఆడమ్స్ చిత్రాలపై అలంకారశాస్త్ర పరిశీలన

ఉపోద్ఘాతం

కావ్యంలో నగరం, సముద్రం, శైలం, ఋతువులు, సూర్యచంద్రోదయాలు వర్ణింపదగినవని లాక్షణికులు నిర్దేశించారు. అష్టాదశ వర్ణనల పేరుతో తెలుగు ప్రబంధ కవులు ఈ సంప్రదాయాన్ని విస్తృతంగా అనుసరించారు. ఈ వర్ణ్య వస్తువులలో శైలం, చంద్రోదయం అనే రెండూ ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) సుప్రసిద్ధ చిత్రాలకు కూడా వస్తువులయ్యాయి. అయితే కవి చేసిన వర్ణనను కళగా అంగీకరించడంలో ఎవరికీ సందేహం కలగదు. ఛాయాచిత్రం విషయంలో మాత్రం ఆ సందేహం నేటికీ తొలగలేదు. ఉన్నదానిని యంత్రం నమోదు చేస్తుంది, అందులో కళాకారుడు చేసినదేమిటి అనేది ప్రధానమైన ఆక్షేపం.

ఈ ఆక్షేపం భారతీయ అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. స్వభావోక్తి అలంకారమా కాదా అన్న వివాదంలో లాక్షణికులు ఇదే ప్రశ్నను శతాబ్దాలపాటు చర్చించారు. ఆ చర్చలో ఏర్పడిన పరిభాషతో ఆడమ్స్ చిత్రాలను పరిశీలించి, ప్రకృతి దృశ్య ఛాయాచిత్రం విలువ ఎక్కడ ఉందో నిర్ణయించడం ఈ వ్యాస ఉద్దేశం.

స్వభావోక్తి వివాదం

భామహుడు స్వభావోక్తిని కొందరు అలంకారంగా చెబుతారని మాత్రమే పేర్కొన్నాడు. అతని దృష్టిలో వక్రోక్తి లేనిదే అలంకారం లేదు. సూర్యాస్తమయాన్ని, చంద్రప్రకాశాన్ని, గూళ్లకు మరలే పక్షులను ఉన్నవున్నట్లు చెప్పే ఒక వాక్యాన్ని ఉదాహరించి, ఇది ఏపాటి కావ్యమని ప్రశ్నించి, దానిని ‘వార్త’ అన్నాడు. దండి ఇందుకు భిన్నమైన మార్గంలో నడిచాడు. స్వభావోక్తిని అర్థాలంకారాలలో మొదటిదిగా నిలిపాడు. భామహుడు తిరస్కరించిన ఆ వాక్యమే కాలావస్థను నివేదించే సందర్భంలో సాధువేనన్నాడు. ఒకే వాక్యం ఒకరికి వార్త, మరొకరికి సార్థకమైన ఉక్తి అయింది. సందర్భాన్ని గమనించడమే ఈ తీర్పుల మధ్య భేదానికి కారణం.

కుంతకుని ఆక్షేపం మరింత మౌలికమైనది. వస్తు స్వభావం కావ్యానికి శరీరం. శరీరమే అలంకారమైతే అలంకరింపబడేది ఏది? తన భుజాన్ని తానే ఎక్కగలవారు ఉండరన్నది అతని ప్రసిద్ధమైన యుక్తి. అంటే స్వభావం అలంకార్యమే కాని అలంకారం కాదు. ఈ ఆక్షేపానికి మహిమభట్టు ‘వ్యక్తివివేకం’లో సమాధానం లభిస్తుంది. వస్తువుకు సామాన్యం, విశిష్టం అని రెండు రూపాలున్నాయని అతని సిద్ధాంతం. సామాన్య రూపం అందరి మాటలకూ అందుతుంది. విశిష్ట రూపం ప్రత్యక్షానికి గోచరమవుతుంది, ప్రతిభావంతుడైన కవి వాక్కుకు మాత్రమే విషయమవుతుంది. కొండ అనేది సామాన్యం. ఈ కొండ, ఈ వెలుగులో, ఈ క్షణంలో కనిపించిన తీరు విశిష్టం. సామాన్య స్వభావాన్ని చెబితే వార్త, విశిష్ట స్వభావాన్ని దర్శింపజేస్తే స్వభావోక్తి అని దీని ఆధారంగా విభజించుకోవచ్చు.

ఈ విభజన ఛాయాచిత్రానికి అన్వయించేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. కెమెరా ముందున్న ప్రతి వస్తువూ విశిష్టమే కనుక ప్రతి ఛాయాచిత్రమూ స్వభావోక్తి కావాలి. ఆచరణలో అలా జరగడం లేదు. యాత్రికులు తీసిన వేలాది సూర్యాస్తమయ చిత్రాలు ఒకదానికొకటి మారుగా నిలుస్తాయి. వాటిలో యంత్రం విశిష్టాన్నే నమోదు చేసినా, చూపరికి అందేది సామాన్యమే. కాబట్టి విశిష్టాన్ని నమోదు చేయడం వేరు, దానిని విశిష్టంగా గోచరింపజేయడం వేరు. ఛాయాచిత్ర శిల్పం ఈ రెండో పనిలో ఉంటుంది.

చంద్రోదయం: కాలావస్థా నివేదన

ఆడమ్స్ చిత్రాలలో అత్యంత ప్రసిద్ధమైనది ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో’. కింద చిన్న గ్రామం, చర్చి, శ్మశానంలోని తెల్లని శిలువలు. ఆ వెనుక మంచు కొండలు, పలుచని మేఘాల వరుస. పైన విశాలమైన చీకటి ఆకాశంలో చంద్రుడు. సాయంకాలం కారులో శాంటా ఫేకు తిరిగి వెళుతూ ఆడమ్స్ ఈ దృశ్యాన్ని చూసి ఆగాడు. ఎనిమిది అంగుళాలు, పది అంగుళాల కొలత గల ఫిల్ము వాడే పెద్ద కెమెరాను హడావుడిగా అమర్చాడు. వెలుగును కొలిచే మీటరు దొరకలేదు. చంద్రబింబపు కాంతి చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని అతనికి జ్ఞాపకం ఉంది. ఆ సంఖ్య ఆధారంగా లెక్కగట్టి ఒక్క చిత్రం తీశాడు. రెండో దానికి సిద్ధమయ్యేలోగా శిలువల మీది ఎండ పోయింది.

ఈ చిత్రం భామహుడు వార్త అన్న వాక్యానికి దాదాపు దృశ్యరూపం. ఇందులోనూ సూర్యుడు అస్తమిస్తున్నాడు, చంద్రుడు ప్రకాశిస్తున్నాడు. దండి చెప్పిన కాలావస్థా నివేదన ఇందులో ఎంత నిర్దిష్టంగా జరిగిందో ఒక విశేషం వల్ల తెలుస్తుంది. చిత్రం తీసిన సంవత్సరం విషయంలో ఆడమ్స్ వేర్వేరు సందర్భాలలో వేర్వేరుగా చెప్పాడు. ఆ తరువాత ఖగోళ పరిశోధకులు చిత్రంలోని చంద్రుని స్థానాన్ని, భూభాగపు రూపురేఖలను బట్టి గణించి, మొదట 1941 అక్టోబరు 31 అనీ, అనంతరం మరింత సూక్ష్మంగా సవరించి 1941 నవంబరు 1 సాయంత్రమనీ నిర్ణయించారు. చిత్రకారుని జ్ఞాపకంలో నిలవని కాలం చిత్రంలో నిలిచింది.

అయితే తేదీని నిర్ణయించడానికి పనికివచ్చినంత మాత్రాన అది కళ అయిపోదు. ఆ విశిష్టత చూపరి అనుభవంలోకి రావాలి. ఇక్కడ అందుకు ఆధారం శిలువల మీద పడిన ఆఖరి ఎండ. చంద్రుడు ఒక్కడే ఉంటే అది ఏ రాత్రి అయినా కావచ్చు. ఎండ మాత్రమే ఉంటే ఏ సాయంకాలమైనా కావచ్చు. రెండు వెలుగులూ ఒకే చట్రంలో, ఒకటి తొలగుతూ మరొకటి నిలదొక్కుకుంటూ ఉన్నందువల్ల ఆ సంధికాలం ప్రత్యక్షమవుతుంది. మృతుల శిలువల మీదనే ఆ ఎండ నిలవడం వల్ల కాలం గడిచిపోతున్నదన్న భావం ధ్వనిస్తుంది. ఎవరూ దానిని వాచ్యంగా చెప్పనక్కరలేదు.

నల్లని ఆకాశం: వక్రత, దాని హద్దు

ఆడమ్స్ చిత్రాలు కేవల స్వభావోక్తులని చెప్పి ఆగిపోతే విమర్శ అసంపూర్ణమవుతుంది. ‘మూన్‌రైజ్’ తొలి ప్రతులలో ఆకాశం కొంత తేలికగా, మేఘపు చారలతో ఉంటుంది. 1948లో అతడు నెగెటివ్‌లోని ముందుభాగాన్ని రసాయన ప్రక్రియతో బలపరచాడు. తరువాతి దశాబ్దాల ప్రతులలో ఆకాశాన్ని క్రమంగా దాదాపు నలుపు చేశాడు. యౌవనంలో పియానో సాధన చేసిన ఆడమ్స్ నెగెటివ్‌ను స్వరలిపితోనూ, ముద్రిత ప్రతిని దాని ప్రదర్శనతోనూ పోల్చేవాడు. ఒకే కృతిని గాయకుడు వయసునుబట్టి వేర్వేరుగా పాడినట్లే, ఒకే నెగెటివ్ వేర్వేరు ప్రతులుగా రూపొందింది.

ఈ ధోరణి ఇంకా ముందే, 1927 ఏప్రిల్‌లో యోసెమిటీ లోయలో తీసిన ‘మోనోలిత్, ద ఫేస్ ఆఫ్ హాఫ్ డోమ్’ చిత్రంతో మొదలయింది. మొదట పసుపు ఫిల్టరుతో ఒక ప్లేటు వాడిన తరువాత, ఆకాశం తేలికగా వచ్చి శిల గాంభీర్యం నిలవదని అతనికి తోచింది. మిగిలిన ఒకే ఒక ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టరు వాడాడు. ఎరుపు ఫిల్టరు నీలి కాంతిని అడ్డగిస్తుంది కనుక నీలాకాశం దాదాపు నల్లగా పడింది. నిట్టనిలువు శిలాముఖం ఆ నలుపు మీద వెలుగుతూ నిలిచింది. చిత్రం తీయకముందే తుది ప్రతిని మనసులో చూడడాన్ని ఆడమ్స్ పూర్వదర్శనమన్న అర్థంలో వ్యవహరించాడు. తరువాత ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి రూపొందించిన జోన్ పద్ధతి ఈ దర్శనానికి సాధనమయింది. అందులో గాఢమైన నలుపు నుంచి స్వచ్ఛమైన తెలుపు వరకు సున్నా మొదలు పది దాకా పదకొండు మెట్లుంటాయి. దృశ్యంలోని ఏ భాగం ఏ మెట్టు మీద పడాలో చిత్రకారుడు ముందే నిర్ణయిస్తాడు.

పగటి ఆకాశం నల్లగా ఉండదు. కాబట్టి ఇది భామహుడు కోరిన వక్రత. మరి స్వభావం ఏమయింది? ఈ ప్రశ్నకు తెలుగు కావ్యం నుంచి ఒక ఉదాహరణ తోడ్పడుతుంది. ‘ఆముక్తమాల్యద’లో విల్లిపుత్తూరు వర్ణన సందర్భంలో శ్రీకృష్ణదేవరాయలు మడికాలువలలో నిద్రించే బాతులను వర్ణించాడు. అవి తలలను రెక్కలలో దూర్చుకొని పడుకున్నాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు మరచిపోయిన పిండిన వస్త్రాలనుకొని, తలారులు వాటిని ఇళ్లకు చేర్చాలని రేవులలోకి దిగారు. బాతులు పారిపోగా, అది చూసి వరిమళ్లకు కావలి ఉన్న స్త్రీలు నవ్వారు. ఇక్కడ భ్రాంతి అలంకారం. కాని ఆ భ్రాంతి నమ్మదగినది కావడానికి కారణం బాతు నిద్రించే తీరును కవి సూక్ష్మంగా గమనించడం. తల రెక్కలలో దూరినందువల్లనే పక్షి పిండిన గుడ్డ ముద్దలా కనిపించింది. స్వభావం సరిగా కుదరకపోతే వక్రత నిలబడదు.

‘మోనోలిత్’లోనూ ఇదే సంబంధం ఉంది. శిల మీది పగుళ్లు, నీటి చారలు, మంచు అంచులు యథాతథంగా, అత్యంత స్పష్టంగా ఉన్నాయి. నల్లని ఆకాశం వాటికి కొత్త వస్తువును చేర్చలేదు. శిలలో ఉన్న నిలువుదనాన్ని, బరువును పైకి తెచ్చింది. కుంతకుని పరిభాషలో చెప్పాలంటే శిల అలంకార్యం, ఆకాశపు నలుపు అలంకారం. శరీరం తన భుజాన్ని తానే ఎక్కలేదు. వెలుగును విభజించిన చిత్రకారుని నిర్ణయం దానిని నిలబెట్టింది.

ఈ హద్దును గుర్తించడం విమర్శకు అవసరం. 1932లో ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ మొదలైనవారు ‘గ్రూప్ ఎఫ్/64’గా ఏర్పడి, మసక కటకాలతో, కుంచె గీతల వంటి ముద్రణలతో చిత్రలేఖనాన్ని అనుకరించే ఛాయాచిత్రాలను వ్యతిరేకించారు. ఆ పేరు దృశ్యంలో దగ్గరినుంచి దూరందాకా స్పష్టతనిచ్చే అతి చిన్న కటక రంధ్రాన్ని సూచిస్తుంది. వారి నిరసన అలంకారం మీద కాదు. వస్తువు నుంచి పుట్టని అలంకారం మీద. నేడు కంప్యూటరు సహాయంతో ఒక చోటి కొండకు మరొక రోజు చంద్రుణ్ణి అతికించడం సులభం. అటువంటి చిత్రం చూడడానికి ‘మూన్‌రైజ్’ కంటే సుందరంగా కూడా ఉండవచ్చు. కాని అందులోని చంద్రుడు ఏ సాయంకాలాన్నీ నివేదించడు. కవి చూడని హిమాలయాన్ని వర్ణించవచ్చు, పాఠకుడు దానిని దోషంగా ఎంచడు. ఛాయాచిత్రకారుడు ఆ చోట, ఆ వేళ ఉండి తీరాలి. రెండు కళల మధ్య సామ్యం ఇక్కడితో ముగుస్తుంది.

చట్రం వెలుపలి స్వభావం

ప్రకృతి దృశ్య ఛాయాచిత్రం విలువ సౌందర్యానికే పరిమితం కాలేదు. కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో తీసిన యోసెమిటీ చిత్రాలు, ఆ లోయను ప్రజలకోసం కాపాడుతూ 1864లో లింకన్ సంతకం చేసిన చట్టానికి అనుకూల వాతావరణాన్ని కల్పించాయి. ఆడమ్స్ 1938లో వెలువరించిన సియెర్రా నెవాడా చిత్రాల గ్రంథం, 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయోద్యానం ఏర్పడడానికి తోడ్పడింది.

ఇదే ప్రభావం మరొక ప్రశ్నను లేవనెత్తుతుంది. ఈ చిత్రాలలో యోసెమిటీ మానవస్పర్శ లేని ప్రకృతిగా కనిపిస్తుంది. అక్కడ తరతరాలుగా నివసించిన అవానీచీ ప్రజలను వెళ్లగొట్టడానికి 1851లోనే సాయుధ దళం ఆ లోయలో ప్రవేశించింది. చట్రంలో ఉన్నదంతా సత్యమే అయినా, చట్రం మొత్తంగా ఒక అసత్యాన్ని సూచించవచ్చు. దీనిని స్వభావోక్తి దోషంగా పరిగణించాలి.

ఈ దోషం ఆడమ్స్ చిత్రాలన్నిటికీ సమానంగా అంటదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపనీయ సంతతివారిని నిర్బంధించిన మంజనార్ శిబిరంలో అతడు చిత్రాలు తీసి, 1944లో ‘బోర్న్ ఫ్రీ అండ్ ఈక్వల్’ అనే గ్రంథంగా ప్రచురించాడు. ఆ కాలంలోనే మంజనార్ నుంచి తీసిన ‘మౌంట్ విలియమ్‌సన్’ చిత్రంలో బండరాళ్ల మైదానం, మేఘాలు, కిరణాలు చుట్టుకున్న శిఖరం ఉన్నాయి. పదివేలమందికి పైగా మనుషులున్న శిబిరం అందులో లేదు. శీర్షికలో స్థలనామం మాత్రమే ఉంది. శీర్షిక తెలియని చూపరికి అది శైలవర్ణన. తెలిసిన చూపరికి ఆ శిఖరం, ముళ్లకంచె లోపలివారు రోజూ చూసిన శిఖరం. ఒక్క పదం చట్రం వెలుపలి స్వభావాన్ని లోపలికి తెస్తున్నది. ‘మూన్‌రైజ్’లో ఆ పనిని శిలువలూ, గ్రామమూ దృశ్యంలోనే ఉండి చేశాయి. అందువల్ల ఆ చిత్రం శిఖరచిత్రాలకంటే సమగ్రమైన స్వభావోక్తి.

ముగింపు

ప్రకృతి దృశ్య ఛాయాచిత్రాన్ని యంత్రానుకరణగా తోసిపుచ్చడం, భామహుని ‘వార్త’ అన్న తీర్పును సందర్భం విడిచి వర్తింపజేయడమే అవుతుంది. ఆ చిత్రకళ విశిష్ట స్వభావాన్ని గోచరింపజేయడంలో ఉంది. వెలుగును కొలవడం, ఫిల్టరును ఎంచడం, ముద్రణలో ఛాయలను దిద్దడం అందుకు సాధనాలు. వస్తువులో ఉన్న గుణాన్ని ప్రకటించినంతవరకు అవి అలంకారాలు. ఆ చోటునుంచి, ఆ వేళనుంచి చిత్రాన్ని విడదీసిననాడు అవి స్వభావోక్తికి భంగం కలిగిస్తాయి. చట్రం దేనిని విడిచిపెట్టిందో అడగడం కూడా విమర్శకుని బాధ్యతే.

ఈ పరిశీలన తెలుగు సాహిత్య విమర్శకూ కొంత ప్రయోజనకరం. ప్రబంధ వర్ణనలను లక్షణ నిర్వహణ కోసం చేసిన పునరుక్తులుగా కొట్టివేయడం విమర్శలో తరచుగా కనిపిస్తుంది. వాటిలో ఏది సామాన్య స్వభావాన్ని వల్లిస్తున్నదో, ఏది నిద్రించే బాతు వంటి విశిష్ట స్వభావాన్ని చూపిస్తున్నదో పద్యం పద్యంగా వేరుచేయవలసి ఉంది. ఒక్క సాయంకాలాన్ని తేదీతో సహా నిలిపిన చిత్రం, అటువంటి పఠనానికి మంచి గీటురాయి.