జాలీని తోమే పనిముట్లు

నిప్పుల మీద కోడినో చేపనో కాల్చే ఇనుప జాలీని ఏ పనిముట్టుతో తోమితే మేలన్న ప్రశ్నకు, ఆ చువ్వల మీద పేరుకునేది ఏమిటో తెలియనిదే సరైన సమాధానం దొరకదు. మాంసం నుంచి కారిన కొవ్వు, మసాలాలోని నూనె వేడికి మారి, వాటి అణువులు గొలుసులుగా అల్లుకొని గట్టి పొరగా బిగుసుకుంటాయి. ఈ మార్పునే పాలిమరీకరణం అంటారు. పలచగా, నున్నగా ఉన్నంతవరకు ఆ పొర పోత ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. దోసె పెనం నలుపు తేలి నిగనిగలాడేది దానివల్లనే. అయితే మాడిన తునకలు దానిపై చేరి మందమెక్కితే తరువాతి వంటకు చేదు అంటుకుంటుంది. అందువల్ల మసిని తీస్తూనే పొరను నిలుపుకోగల పనిముట్టు కావాలి.

బజారులో సులువుగా దొరికే ఇనుప తీగల బ్రష్ ఆ పనిముట్టు కాదు. వాడగా వాడగా వదులైన తీగముక్క, సూదికన్నా సన్ననిది, ఊడి చువ్వల జిడ్డులో అతుక్కుంటే కంటికి కనబడదు. మాంసపు ముక్కతో నోట్లోకి పోయి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2012లో ఇటువంటి కేసులను నమోదు చేశాయి. 2002 నుంచి 2014 వరకు సుమారు 1,700 మంది ఈ గాయాలతో అత్యవసర విభాగాలకు వచ్చి ఉంటారని మిస్సోరి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో అంచనా కట్టారు. తినేవారి గొంతుకు ముప్పు తెచ్చే పనిముట్టు ఎంత చక్కగా తోమినా ఏం ప్రయోజనం?

దానికి బదులు గట్టి చెక్కపలక వాడవచ్చు. జాలీ వేడిగా ఉన్నప్పుడే, అంటే జిడ్డు ఇంకా మెత్తగా ఉండగానే, పలక అంచును చువ్వలకు అడ్డంగా ఆనించి గీకుతూ పోతే, కొన్నాళ్లకు ఆ అంచు చువ్వల కొలతకే గాళ్లుపడి, సందుల్లోకి సరిగ్గా దిగుతుంది. మిగిలిన జిడ్డుకు జాలీ చల్లారాక కొబ్బరి పీచు, పొయ్యిలోని కట్టెబొగ్గుల బూడిద చాలు. బూడిదలోని పొటాషియం కార్బొనేట్ అనే క్షారం కొవ్వును కొంత సబ్బుగా మారుస్తుంది. తుప్పు కనబడితే, వేరే మందు వెతకనక్కరలేదు; ఉప్పు అద్దిన నిమ్మచెక్కతో రుద్దితే సిట్రిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. బూడిదను, నిమ్మను ఒకేసారి కలిపితే మాత్రం క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి విరిచి రెండూ పనికిరాకుండా పోతాయి కనుక, నడుమ నీళ్లతో కడగడం తప్పనిసరి. ఉప్పు, పులుపు ఇనుము మీద నిలిచిపోతే మళ్లీ తుప్పే కనుక, చివర కడిగి, ఆరబెట్టి, పలచగా నూనె పూయాలి.

ఇప్పటిదాకా తీగల బ్రష్‌తో తోమినవారు, ఈసారి ముక్కలు పేర్చే ముందు చల్లటి జాలీని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఒక్కసారి వెలుగులో చూడాలి.