గడపా, కిటికీ: రెండు వేసవుల జాగ్రత్తలు

2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇంటి క్వారంటైన్ మీద ఒక చిన్న పత్రం ఇచ్చింది. 2021 మే 20న కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ఇంకో పత్రం ఇచ్చింది. రెండిట్లోనూ ఉన్నది ఒకే కరోనా వైరస్, అవే ఇళ్లు. పక్కపక్కన పెట్టి చదివితే, పద్నాలుగు నెలల్లో మన ఇంట్లో ప్రమాదం ఉండే చోటే మారిపోయిందని తెలుస్తుంది. మొదటి పత్రం ప్రకారం అది చేతుల మీదా, వస్తువుల మీదా ఉంది. రెండోదాని ప్రకారం గదిలో నిలిచిపోయిన గాలిలో ఉంది.

మొదటి పత్రం చెప్పినవి ఇవి: గాలి ఆడే విడి గది, వీలైతే దానికే బాత్రూమ్, మరొకరు అదే గదిలో ఉండాల్సి వస్తే కనీసం 1 మీటరు ఎడం, తరచూ చేతులు కడుక్కోవడం, ముట్టుకునే చోట్లను రోజూ 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌తో తుడవడం. గాలి ప్రస్తావన లేదని అనలేం. కానీ గది ఎలా ఉండాలో చెప్పి వదిలేశారు, గాలి ఆడాలంటే ఎవరేం చేయాలో చెప్పలేదు. చేయాల్సిన పనులుగా మనకు అందినవి కడగడం, తుడవడం. ఇల్లంతా ఆ పనుల్లో పడింది.

ఆ వేసవి గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పాల ప్యాకెట్లను సబ్బు నీళ్లతో కడిగాం. కూరగాయలను ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లలో నానబెట్టాం. వాటి మీద సబ్బు, క్రిమిసంహారకాలు వాడొద్దు, మంచినీళ్లతో కడగండి అని ఆహార భద్రతా సంస్థ చెప్పాల్సి వచ్చింది. చాలా ఇళ్లలో పేపరు మాన్పించారు. కొరియర్లో వచ్చిన పెట్టెను మూడు రోజులు వసారాలోనే ఉంచారు. ఆ మూడు రోజుల లెక్క ఎక్కడిదో చూస్తే మనం చదివే తీరు గురించి ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. 2020 మార్చి 17న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ వచ్చింది. ప్లాస్టిక్, స్టీలు మీద వైరస్ 72 గంటల దాకా, అట్టపెట్టె మీద 24 గంటల దాకా బతికున్నట్టు ప్రయోగశాలలో తేలిందని అందులో రాశారు. అదే లేఖలో గాలిలో తేలే సన్నని కణాల్లో కూడా ప్రయోగం సాగిన 3 గంటలూ వైరస్ సజీవంగానే ఉందని రాశారు. పత్రికలూ వాట్సాపూ 72ను మోసుకెళ్లాయి, 3ను వదిలేశాయి. 72 గంటలకు మిగిలింది చాలా తక్కువ వైరసేనన్న సంగతి కూడా ఇళ్లకు చేరలేదు. ఆ నెలాఖరులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధి గాలి ద్వారా వ్యాపించేది కాదని ట్విటర్‌లో ప్రకటించింది. ఇక గాలి గురించి అడిగేవాళ్లెవరు?

అడిగినవాళ్లు లేకపోలేదు. లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ 2020 జులైలో బహిరంగ లేఖ రాస్తే 239 మంది శాస్త్రవేత్తలు అండగా నిలిచారు. ఆ నెలలోనే లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో ఇమాన్యుయల్ గోల్డ్‌మన్ వస్తువుల మీది భయం అతిగా ఉందని రాశాడు. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, వైరస్ అంటిన చోటును ఒకసారి ముట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని చెప్పింది. అప్పటికి మన దగ్గర రెండో ఉధృతి ముంచుకొచ్చింది.

ఈ ఆలస్యానికి శాస్త్రాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టను. కొత్త జబ్బు వచ్చిన తొలి నెలల్లో చేతులు కడుక్కోమనడం సబబే. విరేచనాల వంటి వ్యాధులకు అది ఎప్పుడూ మంచి కాపలాయే. నాకు అభ్యంతరం గడప దగ్గర కాపలా పెట్టిన పద్ధతి మీద. బయటి నుంచి వచ్చే ప్రతిదీ అనుమానితమే అన్నప్పుడు బయటివాళ్లూ అనుమానితులయ్యారు. అపార్ట్‌మెంట్ సంఘాలు పనిమనుషులను గేటు బయటే ఆపేశాయి, తోపుడుబండి మనిషిని వీధి మొగలోనే నిలబెట్టాయి. కడగడం, ఆరబెట్టడం, తుడవడం మాత్రం దాదాపు ప్రతి ఇంట్లో ఆడవాళ్ల మీదే పడ్డాయి. బ్లీచింగ్ ద్రవంలో బాత్రూమ్ యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుందన్న హెచ్చరిక కన్నా పాల ప్యాకెట్ కడిగే వీడియోలే ఎక్కువ తిరిగాయి. ఇంత చాకిరీ చేసి, సాయంత్రానికి అంతా ఒకే గదిలో చేరి, ఏసీ వేసుకుని తలుపులు బిగించుకున్నాం. బెజవాడ ఎండల్లో కరెంటు బిల్లు కలిసొస్తుందని ఇంటిల్లిపాదీ ఒకే ఏసీ గదిలో పడుకోవడం మామూలే. మనవాళ్ల ఊపిరి మీద అనుమానం రాలేదు.

రెండో పత్రం అక్కడే మొదలవుతుంది. తుంపర్లు 2 మీటర్ల లోపే రాలిపోతాయని, అంతకన్నా సన్నని కణాలు 10 మీటర్ల దాకా గాలిలో పోగలవని చెప్పింది. మొదటి పత్రంలోని 1 మీటరును దాని పక్కన పెట్టి చూడండి. కిటికీలూ తలుపులూ తెరవమంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయమంది, అన్నీ మూసి ఏసీ నడపొద్దంది. ఫ్యాన్ గాలి ఒకరి మీదుగా ఇంకొకరి మీదికి కొట్టకుండా చూడమంది. కిటికీ తెరిస్తే వాసన పలచబడ్డట్టే వైరస్ కూడా పలచబడుతుందని వివరించింది. నాకు బాగా నచ్చింది ఆ వివరణే. వంటింట్లో మిరపకాయల పోపు వేస్తే ముందుగదిలో దగ్గు వచ్చే ఇంట్లో ఇది ఎవరికైనా తెలుస్తుంది. కావాలంటే ఒక అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో, ఎంతసేపు నిలుస్తోందో చూసుకోవచ్చు. దానికి ఖర్చూ లేదు, చాకిరీ అంతకన్నా లేదు.

నా దృష్టిలో రెండో పత్రమే నిజానికి దగ్గర. అయినా దానికి మొదటిదానికి దక్కిన ప్రచారంలో పదోవంతైనా దక్కలేదు. కడిగిన ప్యాకెట్ కంటికి కనబడుతుంది, చేసినవాళ్లకు తృప్తినిస్తుంది. తెరిచిన కిటికీలో చూడ్డానికేమీ ఉండదు, పైగా దోమలొస్తాయి.

అయితే రెండు పత్రాలూ ఒక ఇంటిని ఊహించుకున్నాయి. మొదటిదానికి విడి గది కావాలి, రెండోదానికి ఎదురెదురు కిటికీలు కావాలి. 2011 జనగణన ప్రకారం దేశంలో మూడోవంతు కన్నా ఎక్కువ కుటుంబాలు ఒంటిగది ఇళ్లవి. రెండో ఉధృతిలో నల్లగొండ జిల్లా తండాలో ఒక విద్యార్థి చెట్టు మీద మంచె కట్టుకుని పదకొండు రోజులు గడిపాడని పత్రికలు రాశాయి. అతనికి తండాలో విడి గది దొరకలేదు. ప్లేగు రోజుల్లో ఊళ్లు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకున్నవాళ్ల దారే అతనిదీ. ఆ ఏర్పాటును అప్పుడు ఊరంతా కలిసి చేసుకునేది. ఇక్కడ ఒక పిల్లవాడు ఒంటరిగా చేసుకున్నాడు. ఈ విషయంలో రెండో పత్రమే కాస్త మెరుగు. గ్రామాల్లో ఇళ్లకు జాలీలు, గాలి పోయే దారులు పెట్టించాలనీ, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇది నేర్పించాలనీ అంది.

ఇక ఆ ఇంట్లో రోగికి సేవ చేసే మనిషి సంగతి చూద్దాం. 2021 ఏప్రిల్ చివరలో ఆరోగ్య శాఖ సవరించిన ఇంటి ఐసోలేషన్ నియమాల్లో, రోగీ సేవ చేసేవాళ్లూ ఒకే గదిలో ఉన్నప్పుడు ఇద్దరూ ఎన్95 మాస్కు వాడే సంగతి పరిశీలించవచ్చని ఉంది. కిటికీ లేని గదిలో రాత్రంతా జ్వరం చూస్తూ కూర్చునే భార్యకో తల్లికో అది తప్పనిసరి. హైపోక్లోరైట్ ఎంత శాతమో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు, ఆమె దగ్గరకు వచ్చేసరికి పరిశీలించవచ్చు అన్నారు. రెండు మాస్కులు ఇంటికి పంపిస్తామని రాయాల్సిన చోటు అది.