‘కంపెనీ’ శబ్దం – పర్యాయపదాలు, ప్రయోగభేదాలు: సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంత వ్యవహారం ఆధారంగా ఒక పరిశీలన

అన్యదేశ్యపదం మూలభాషలోని అర్థాలన్నింటినీ వెంట తెచ్చుకోదు. కొత్త భాషలో స్థిరపడిన తరువాత అది సంపాదించుకొనే అర్థాలు మూలభాషలో ఉండకపోవచ్చు. ‘కంపెనీ’ శబ్దం ఇందుకు చక్కని ఉదాహరణ. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు దీనికి సాధారణంగా తోడు, సాంగత్యం, బృందం, సంఘం, వర్తక సంస్థ వంటి పర్యాయపదాలను ఇస్తాయి. సంగారెడ్డి జిల్లా ఇస్మాయిల్‌ఖాన్‌పేటలోనూ, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల చుట్టూ ఉన్న గ్రామాలలోనూ నిత్యం వినిపించే ‘కంపెనీ’కి ఈ వరుసలోని ఏ పదమూ ఒదగదు. “పిల్లగాడు కంపెనీకి పోతున్నడు” అన్న వాక్యంలో కంపెనీ ఒక స్థలం: ప్రహరీగోడ, గేటు, షిఫ్టు ఉన్న పనిచోటు. ఈ అర్థం ఎలా ఏర్పడింది, నిఘంటువు దానిని ఎందుకు పట్టించుకోవాలి అన్నవి ఇక్కడ విచార్యాంశాలు.

ఈ పదం మూలం లాటిన్‌లో ఉంది. ‘కలిసి’ అనే అర్థమిచ్చే ఉపసర్గ, ‘రొట్టె’ అనే అర్థమిచ్చే నామం కలిసి, రొట్టె పంచుకొని తినేవారు అనే భావం ఏర్పడింది. ఫ్రెంచి మీదుగా అది ఇంగ్లీషుకు చేరింది. తెలుగులో దీనికి దగ్గరగా నిలిచే దేశ్యపదం ‘పొత్తు’. కలిసి భుజించడాన్ని ‘పొత్తు కుడుచుట’ అన్న భాషలోనే పొత్తు వ్యవసాయంలో, వ్యాపారంలో, రాజకీయాలలో భాగస్వామ్యంగా విస్తరించింది. అన్నం పంచుకోవడం నుండి లాభం పంచుకోవడం దాకా సాగిన అర్థవ్యాకోచం రెండు భాషలలోనూ ఒకే దారిలో నడిచింది. అయినా ‘కంపెనీ’ తెలుగులోకి వచ్చినప్పుడు ‘పొత్తు’ దాని స్థానంలో నిలవలేదు. ఆ పదం తెలుగువారికి తొలుత ఎదురైనది పంచుకొనే బృందంగా కాదు, పాలించే అధికారంగా.

ఏనుగుల వీరాస్వామి 1830–31లో చేసిన ప్రయాణానికి సంబంధించిన ‘కాశీయాత్ర చరిత్ర’లో కనిపించే ‘కుంఫినీ’ ఆ తొలిదశ రూపం. అక్కడ అది ఈస్టిండియా కంపెనీకి సంజ్ఞానామం వంటిది. ఎన్నో వర్తక సంఘాలకు చెందగల పదం ఒకే ఒక ప్రభుత్వానికి పరిమితమైంది. ఇది స్పష్టమైన అర్థసంకోచం. రెండవ దశ నాటకరంగానిది. వనారస గోవిందరావు 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో నెలకొల్పిన బృందం, దాని శాఖలు ‘సభ’, ‘మండలి’ వంటి పేర్లు పెట్టుకొన్నా, జనం నోట అవి నాటక కంపెనీలే. ఒకే కుటుంబంగా తిని, తిరిగి, ఆడిన ఆ బృందాలకు వాడినప్పుడు మాత్రమే ఈ పదం తన మూలార్థానికి దగ్గరగా వచ్చింది.

మూడవ దశ పారిశ్రామికవాడలది. నిజాం రాజ్యపు తెలుగులో అప్పటికే కార్ఖానా, గిర్ని ఉన్నాయి. పుస్తక భాష కర్మాగారాన్ని సృష్టించుకొంది. వ్యవహారం వీటిని పర్యాయపదాలుగా కాక పనులవారీగా పంచుకొంది. పిండి, బియ్యం పట్టేది గిర్ని; చిన్న పనిశాల కార్ఖానా; మందులు, రసాయనాలు, ఇనుప సామాను తయారుచేసేది కంపెనీ. ఈ వాడుకకు చట్టంతో సంబంధం లేదు. కంపెనీల చట్టం కింద నమోదు కాని రేకుల షెడ్డు కూడా ఊరివారికి కంపెనీయే. ఇదే జిల్లాలోని ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం దీనికి ఎదురు ఉదాహరణ. 1984 నుండి ప్రభుత్వశాఖలో భాగంగా ఉన్న అది 2021లో ఒక ప్రభుత్వరంగ కంపెనీ కిందికి వచ్చింది. చట్టం దృష్టిలో పెద్ద మార్పు జరిగినా, పేరులోని ‘ఫ్యాక్టరీ’ మాత్రం మారలేదు.

ఈ ప్రాంత వ్యవహారంలో గమనించవలసిన అసలు విశేషం విభక్తిలో ఉంది. “కంపెనీల చేస్తున్నడు” అన్నప్పుడు సప్తమి స్థలాన్ని మాత్రమే చెబుతుంది. “కంపెనీ మనిషి” అన్న షష్ఠీ సమాసం సంబంధాన్ని చెబుతుంది. “కంపెనీ రోల్ మీద ఉన్నడు” అంటే శాశ్వతోద్యోగి అని అర్థం. కంపెనీలో పనిచేసే ప్రతివాడూ కంపెనీ మనిషి కాడు; అతడు కాంట్రాక్టరు మనిషి కావచ్చు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ‘ప్రధాన యజమాని’ని, గుత్తేదారును వేరుచేసి చెప్పిన భేదాన్ని గ్రామ వ్యవహారం ఒక ప్రత్యయంతో తేల్చింది.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ ముడిపదార్థాల కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. వారిలో ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన వలస కార్మికులున్నారు. ఇటువంటి దుర్ఘటనలలో ఎవరు ఎవరి మనిషి అన్న ప్రశ్న బాధ్యతకు, పరిహారానికి సంబంధించినది. ఆ ప్రశ్నను అడగడానికి కావలసిన పదజాలం కార్మికుల వాడుకలో ఉంది. ‘సిబ్బంది’ వంటి వార్తాభాషా పదం ఆ భేదాన్ని చెరిపివేస్తుంది.

‘కంపెనీ నీళ్లు’ అన్న పదబంధమూ ఇటువంటిదే. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల వ్యర్థజలాలు నక్కవాగు ద్వారా మంజీరకు చేరడంపై వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. నివేదికల భాషలో అవి ‘పారిశ్రామిక వ్యర్థజలాలు’. ఊరి భాషలో ‘కంపెనీ నీళ్లు’. మొదటిది నీటి స్వభావాన్ని వర్ణిస్తుంది. రెండవది ఆ నీరు ఎవరిదో చెబుతుంది. రెండూ ఒకే వస్తువును సూచించినా, ఒకదాని స్థానంలో మరొకటి పెడితే కర్తృత్వం మాయమవుతుంది. వాచ్యార్థం ఒకటైనంత మాత్రాన పర్యాయత సిద్ధించదని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను, తరువాతి సంపుటం చేనేత పదాలను ప్రయోగస్థానాల నుండే సేకరించింది. అదే పద్ధతిని పారిశ్రామికవాడలకు వర్తింపజేయడం అవసరం. రోల్, షిఫ్టు, గేటు వంటి పదాలను ఇంగ్లీషువని పక్కన పెడితే, రెండు తరాల తెలుగు శ్రామికుల అనుభవం కోశాలకు ఎక్కదు. ‘కంపెనీ’ ఆరోపంలో పర్యాయపదాల పట్టిక కన్న ముందు ‘కంపెనీకి’, ‘కంపెనీల’, ‘కంపెనీ మనిషి’, ‘కంపెనీ నీళ్లు’ అన్న ప్రయోగాలు ఉండాలి. రొట్టె పంచుకొనేవారి పేరుగా పుట్టిన పదం, ఎవరికి వాటా ఉందో ఎవరికి లేదో చెప్పే పదంగా ఈ ప్రాంతపు తెలుగులో నిలిచింది. నిఘంటువు నమోదు చేయవలసిన అర్థపరిణామం ఇదే.