సన్నాయి విద్వాంసుడి పేరు అడగండి

పెళ్ళి మంటపం పక్కన చాప మీద కూర్చుని తెల్లవారుజామునుంచి ఊదుతున్న మనిషి పేరు పెళ్ళికొచ్చినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. వంటవాళ్ళది ఏ ఊరు, పూల డెకరేషన్‌కి ఎంతయింది, ఫొటోలు ఎవరు తీశారు అని మాత్రం వాకబు చేస్తాం. తాళి కట్టే వేళ గట్టిమేళం కోసం అయ్యవారు చెయ్యి ఊపితే మోగాలి, చాలనగానే ఆగిపోవాలి. సంగీతమంటే చెవి కోసుకుంటామని చెప్పుకునే మనబోటివాళ్ళం కూడా అక్షింతలు వేసి బంతి భోజనానికి లేచిపోతాం. అలా వదిలేసి వచ్చిన ఆ చాప మీదే ఒక్కోసారి జిల్లా మొత్తంలోకీ గొప్ప సంగీతజ్ఞుడు కూర్చుని ఉంటాడు. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్ళు ఈసారి ఒక పావుగంట అక్కడే నిలబడి వినండి.

నా పక్షపాతం దాచుకోను. గాలివాద్యాలన్నిట్లో నాదస్వరానికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. క్లారినెట్‌కీ శాక్సఫోన్‌కీ మీటలుంటాయి, ఏ మీట నొక్కితే ఏ స్వరం పలకాలో ఆ వాద్యం తయారైనప్పుడే తేలిపోతుంది. సన్నాయికి ఆ సదుపాయం లేదు. వేళ్ళకు అందేవి ఏడు రంధ్రాలు, వాటి దిగువన శ్రుతి సరిచేసుకోవడానికి మరో అయిదు. పన్నెండు స్వరస్థానాలూ వాటి నడుమ ఊగే గమకాలూ ఈ ఏడింటిలోంచే రావాలి. వేలు రంధ్రాన్ని సగం తెరవాలా పావు తెరవాలా, పెదవి పీకను ఎంత బిగించాలి, ఊపిరి ఎంత వదలాలి, ఈ మూడూ ఒకేసారి కుదిరితేనే తోడిలో గాంధారం తోడి గాంధారంలా ఊగుతుంది. పెదవి పట్టు కొంచెం సడలితే స్వరం జారిపోతుంది. చెవికి ఇంపుగా ఒక్క ‘సా’ నిలపడానికే పిల్లలు నెలల తరబడి సాధన చేస్తారు.

నాలుకతో పీకను తాకుతూ స్వరాలను విడివిడిగా పలికించడాన్ని తుత్తుకారం అంటారు. మంచి విద్వాంసుడు మూడో కాలంలో ఆ పని చేస్తుంటే ముత్యాలు దారంలోంచి జారినట్టు ఒక్కో స్వరం గుండ్రంగా రాలుతుంది. వెంటనే నాలుక ఆపి ఊపిరి ఒక్కదానితోనే అకారంలోకి దిగి, నీలాంబరిలో ఒక పట్టు సాగదీస్తాడు. అంత జోరు మీదున్న వాద్యం అంత మెత్తబడగలదా అని వినేవాడికి ఊపిరాడదు. ఇక డోలు సంగతి. కుడిచేతి వేళ్ళకు గట్టి తొడుగులు, ఎడమచేతిలో పుల్ల. డోలు లేని సన్నాయి సగం సన్నాయే. స్వామి ఊరేగింపుకి బయల్దేరేటప్పుడు గంభీరనాటలో మల్లారి ఎత్తుకుంటే సన్నాయీ డోలూ కలిసి వీధి మొత్తాన్ని లేపి నిలబెడతాయి.

వాద్యాన్ని ఆచా అనే గట్టి కలపతో చేస్తారు. పాత ఇళ్ళ దూలాలుగా ఏళ్ళ తరబడి ఎండిన కలపైతే మరీ శ్రేష్ఠమంటారు. తంజావూరు సీమలోని నరసింగంపేట అందుకు పేరుమోసింది, 2022లో ఆ ఊరి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేళంలో వాద్యానికి గుత్తిగా వేలాడే పీకలను చూసి అలంకారమనుకునేవాళ్ళున్నారు. పీక గడ్డి జాతి రెల్లుతో చేసినది, వాతావరణం మారితే దాని పలుకూ మారిపోతుంది. అందుకే ఆ గుత్తి.

రాజరత్నం పిళ్ళై తోడి ఎత్తుకుంటే గంటల తరబడి సాగేదని మా పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. పాత తిమిరి నాదస్వరంలో శుద్ధ మధ్యమం సూటిగా పలకడం కష్టమైతే, నరసింగంపేట శిల్పి చేత పొడవైన బారి నాదస్వరం చేయించుకుని ఆ చిక్కు తీర్చుకున్న మనిషి ఆయన. కారుకురిచ్చి అరుణాచలం సన్నాయితో మన ఎస్. జానకి గొంతు పోటీపడిన పాట ‘మురిపించే మువ్వలు’ సినిమాలో ఉంది. ఆ పాటలో జానకిని తలుచుకునేవాళ్ళే అంతా, ఊదిన అరుణాచలం పేరు ఎంతమందికి గుర్తుంది?

సరే, వాళ్ళు తమిళులు. మన గడ్డ మీద పుట్టినవాళ్ళని మాత్రం ఏం చేసుకున్నాం? ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టాడు షేక్ చినమౌలానా. తరతరాలుగా సన్నాయి వాయించే ముస్లిం కుటుంబం. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గరికి వెళ్ళి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి. ఆయన రికార్డింగులు దొరుకుతాయి, వెతికి వినండి. ఆ నాదంలో మోత లేదు, నిండుదనం ఉంది. రాగాన్ని తొందరపెట్టకుండా, ఒక్కో స్వరం దగ్గర కాసేపు నిలబడి సాగే ఆ ఆలాపన ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. రంగనాథుడి ఊరు ఆయన్ని అంత ఆదరంగా దగ్గరకు తీసుకుంది. ఆ ఆదరం ఒంగోల్లో ఎందుకు దొరకలేదన్న ప్రశ్న నన్ను ఈనాటికీ వదలదు.

ఆయన శిష్యులైన మహబూబ్ సుబాని, కాలీషాబి దంపతులూ మనవైపునుంచి వెళ్ళినవాళ్ళే. 2020లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. జంటగా ఊదుతుంటే ఎవరి ఊపిరి ఎక్కడ ఆగిందో, ఎవరిది ఎక్కడ అందుకుందో పట్టుకోవడం గొప్ప గొప్ప చెవులకే కష్టం. సన్నాయి మగవాళ్ళ వాద్యమనేవాళ్ళకి కాలీషాబి వాయిద్యం వినిపిస్తే చాలు, వేరే వాదన అక్కర్లేదు. భద్రాద్రి రాముడి కొలువులో దశాబ్దాల తరబడి వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్ కన్నుమూశాక 2022లో పద్మశ్రీ ప్రకటించారు. బతికుండగా ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్ళి విన్న తెలుగు రసికులెందరు?

ఇప్పుడు గుళ్ళ సంగతి. హారతి వేళకి పూజారి స్విచ్ వేస్తాడు, గోడన బిగించిన మోటారు డోలునీ గంటనీ ఒకే వేగంతో బాదుతుంది. ఉదయానికి భూపాలం, పొద్దెక్కితే బిలహరి, పవ్వళింపు వేళకి నీలాంబరి అని కాలానికొక రాగం పెట్టిన సంప్రదాయం ఆ మోతలో కొట్టుకుపోయింది. జీతం మిగిలిందని సంతోషించే ధర్మకర్తలు ఆ జీతంతో బతికిన కుటుంబంలో మరో తరం సన్నాయి పట్టదన్న సంగతి ఆలోచించలేదు. దేవుడి పేరుతో చేస్తున్న ఈ పిసినారితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళిళ్ళలో పెన్‌డ్రైవ్ గట్టిమేళం, లేదంటే శాక్సఫోన్ మీద సినిమా పాటలు. కద్రి గోపాలనాథ్ శాక్సఫోన్‌లో గమకం పలికింది నిజమే, ఆయన నాదస్వర విద్వాంసుడి కొడుకు, ఆ వాణి ఇంట్లోనే విన్నాడు. ఆయన్ని చూపించి ఎవరు ఏది ఊదినా మంగళవాద్యమే అనడం దబాయింపు.

తోటి రసికులకు నేను చెప్పేది ఒకటే, వీళ్ళని మనమే వెతకాలి. సభలవాళ్ళు వెతికి తెచ్చిపెడతారని కూర్చుంటే ఎవరూ దొరకరు. ఆకాశవాణిలో పొద్దున్నే వచ్చే మంగళవాద్యం వినండి, విద్వాంసుల పేర్లు రాసుకోండి. బ్రహ్మోత్సవాలకి వెళ్తే వాహనసేవలో స్వామికి దండం పెట్టుకుని మేళం పక్కకి జరగండి. వీధి మలుపుల్లో వాహనం ఆగినప్పుడు వాళ్ళు మనసుపెట్టి వాయించే ఆలాపనలు ఏ కచేరీలోనూ వినబడవు. ఏ రాగమని అడగండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడగండి, ఫోన్ నంబరు తీసుకుని మీ ఊళ్ళో పెళ్ళి కుదిరినవాళ్ళకి ఇవ్వండి. తిరుపతిలో నాదస్వరానికీ డోలుకీ వేరే పాఠశాల ఉంది. అక్కడ నేర్చుకుని బయటికొచ్చే పిల్లలకి పని దొరకాలి కదా.

మీ ఇంట పెళ్ళయితే శుభలేఖలో వాళ్ళ పేర్లు వేయించండి. వరపూజకి ముందు అరగంట వాళ్ళకే వదిలి, కల్యాణో మోహనమో విస్తారంగా వాయించమనండి, ఆ అరగంట సినిమా పాటలు అడగొద్దు. చాపకి బదులు వేదిక మీద చోటివ్వండి. ఏసీ గాలి సూటిగా తగలకుండా చూడండి, పీక ఎండితే ఎంతటి విద్వాంసుడికైనా స్వరం నిలవదు. మైకు మరీ వాద్యం మూతి దగ్గర పెట్టొద్దు, బారెడు దూరంలో ఉంటే చాలు. మాట్లాడుకున్న డబ్బు పెళ్ళి సందడిలో మరచిపోకుండా, వాళ్ళు సన్నాయి సంచిలో పెట్టుకునేలోపే చేతికివ్వండి.