కలిపి పంచిన పచ్చిక

రెండు జాతుల మొక్కలు ఒకేచోట ఎన్నడూ కనబడకపోతే వాటికి పొసగదనుకోవడం సులువు. ఆ ఎడం కాకతాళీయం కాదని తేల్చడమే కష్టం. జీవావరణ శాస్త్రవేత్తలు అందుకు పేకముక్కలు కలిపినట్టు లెక్కలు కలుపుతారు. నేలను గడులుగా విభజించి, ఏ గడిలో ఏ జాతి ఉందో పట్టిక రాస్తారు. కంప్యూటర్ దాన్ని 999 సార్లు కలిపి పంచుతుంది. అసలు పట్టికతో కలిపి వెయ్యి. అసలుదానిలో ఉన్నంత ఎడం ఆ వెయ్యిలో యాభైకి మించి రాకపోతే, కాకతాళీయమన్న మాట చెల్లదంటారు. దీన్ని శూన్య నమూనా అనవచ్చు. ఈ ఆలోచనకు బీజం గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1935 నాటి పుస్తకంలో ఉంది.

1975లో జీవావరణ శాస్త్రవేత్త జారెడ్ డైమండ్ న్యూగినీ పరిసర దీవుల పక్షుల పంపకానికి జాతుల మధ్య పోటీయే కారణమన్నాడు. కానర్, సింబర్లాఫ్ 1979లో అడ్డుతగిలారు: ముక్కలు ఊరికే కలిపినా అలాంటి పంపకమే వస్తుందన్నారు. ఆ తగవు ఏళ్ల తరబడి నడిచింది.

న్యూజిలాండ్‌లో ఈ పనికి పేరు తెచ్చినవాడు డునెడిన్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన జె. బాస్టో విల్సన్. 1988లో మానపౌరి సరస్సు దీవుల మొక్కలను ఇలాగే పరీక్షించాడు. కానీ ఆయన పేరుతో ఎక్కువగా వినబడేది వృక్షశాస్త్ర విభాగం వారి పచ్చిక. చుట్టూ అంత అడవి ఉన్న దేశంలో, యంత్రంతో కోసే గడ్డి మీద, అందులోనూ తెల్ల క్లోవర్ లాంటి ఐరోపా వలస మొక్కల మీద పరిశోధనా? కారణం ఉంది. అడవిలో పల్లంలో ఒక మొక్క, మెట్ట మీద మరొకటి పెరిగితే ఆ ఎడం నేలది, పోటీది కాకపోవచ్చు. సమంగా కోసిన పచ్చికలో ఆ చిక్కు చాలావరకు తగ్గుతుంది. ప్రతి గడిలోనూ గడ్డిజాతులకూ వెడల్పాకు మొక్కలకూ మధ్య నిష్పత్తి, కలిపి పంచినప్పటికన్నా నిలకడగా ఉందా అని చూడటం ఒక పరీక్ష. ఇలాంటి గుంపుల నియమాలను విల్సన్, స్టీఫెన్ రాక్స్‌బర్గ్ 1994లో చూపించారు.

కలపడం యంత్రం పని. ఏది కలపకూడదో నిర్ణయించడం మనిషి పని, అసలు నేర్పూ అక్కడే. సాధారణంగా కనబడే జాతిని అరుదైనదిగా మార్చేస్తే పోలికకు అర్థం లేదు; అందుకే ఒక్కో జాతి ఎన్ని గడుల్లో ఉందో ఆ మొత్తాన్ని కదిలించరు. అన్నీ బిగించేస్తే కలపడానికే ఏమీ మిగలదు. ఇంకో చిక్కు కూడా ఉంది. క్లోవర్ పాకుతూ గుత్తులుగా పెరుగుతుంది. గడులను విడివిడిగా కలిపితే ఆ గుత్తులు చెదిరి, లేని సంబంధం ఉన్నట్టు తేలవచ్చు. రాక్స్‌బర్గ్, పీటర్ చెసన్ 1998లో దీనికి మార్గం చెప్పారు: ఒక్కో జాతి గుత్తుల తీరును నిలిపి, వాటి చోటు మాత్రమే యాదృచ్ఛికంగా మార్చాలి.