అంబాసిడరు చక్రమునకు చేయూత

ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మాతృకగా గొని, 1950వ దశకము చివర వంగరాష్ట్రమందలి ఉత్తరపాడా కర్మాగారమున రూపుదాల్చి, 2014వ సంవత్సరమున ఉత్పత్తి నిలిచిపోవువఱకు మంత్రులను, కలెక్టర్లను, పెండ్లివారిని, పురిటికి పోవు స్త్రీలను సమానగౌరవముతో మోసిన అంబాసిడరు కారునకు ఎన్ని సుగుణములున్నను, నిలిచినచోట స్టీరింగు చక్రము త్రిప్పవలసివచ్చినపుడు మాత్రము అది తన స్వామి బాహుబలమును పరీక్షింపక విడువదు. తిన్నని దారిలో అది పరమసాధువు. బెజవాడ వన్‌టౌను సందులో వెనుకకు తీసి మలపవలసిన వేళ మొండిఘటము. నాడు దానికి విధించిన సన్నని 5.90-15 టైర్లను తీసివేసి, వెడల్పాటి రేడియల్ టైర్లను తొడిగినచో ఆ మొండితనము ఇనుమడించును.

ఈ మొండితనమును మాన్పుటకు పవర్ స్టీరింగు అమర్చు విద్య యొకటి మన మేస్త్రీల చేతులలో పెరిగినది. దానిని కేవలము సుఖము కొఱకైన మరమ్మతుగా నెంచువారు దాని మర్మ మెఱుగరు. చక్రము చిటికెనవ్రేలితో తిరుగునట్లు చేయుట ఎవనికైనను సాధ్యమే. తేలిక చేసిన పిమ్మటగూడ దారి గరుకును, టైరు పట్టును, మలుపు వాడిని నడుపువాని అఱచేతికి తెలియునట్లు నిలుపుటయే విద్య. బండితోలువాడు పగ్గపు బిగిలోనే ఎద్దు మనసును కనిపెట్టును. ఆ బిగి పోయిన పగ్గము చేత నున్నను లేనట్లే. ఎంత భారము తీసివేయవలెనో తెలిసినవాడు పనివాడు. ఎంత భారము మిగుల్పవలెనో తెలిసినవాడు ఘనుడు.

చరిత్రను క్లుప్తముగ చెప్పి ముందుకు పోదును. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు పియర్స్ యారో కంపెనీ కొలువు విడిచి, మసాచుసెట్స్ రాష్ట్రపు వాల్థము పట్టణమున చిన్న వర్క్‌షాపు పెట్టుకొని, నూనె పీడనముతో చక్రమునకు సాయపడు యంత్రమును నిర్మించి, 1926లో తన కారునకే బిగించి నడిపి చూపెను. పెద్ద కంపెనీలు మెచ్చుకొన్నవి గాని, ఆర్థికమాంద్యము ముంచుకొనిరాగా తయారీకి వెనుకాడినవి. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో ఆ విద్య అంగడికి వచ్చునప్పటికి డేవిస్ పేటెంట్లు కొన్నింటికి కాలము చెల్లిపోయెను. మన అంబాసిడరునకు ఆ భాగ్యము మిక్కిలి ఆలస్యముగ, చివరికాలపు కొన్ని బండ్లలో మాత్రమే దక్కినది. తక్కిన వేలాది బండ్లకు కంపెనీ చేయని యుపకారమును ఆటోనగరు చేసినది.

1966లో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగరు వంటిది ఆసియాఖండమున మఱియొకటి లేదని చెప్పుకొందురు; ఆ గొప్ప యటుండనిండు. లారీ ఛాసిస్సుపై బాడీ కట్టువారు, లేతు పట్టువారు, స్ప్రింగు పట్టీలు వంచువారు, రేడియేటరునకు మాటు వేయువారు పక్కపక్కనే మెలగుటచేత, ఒకని చేతిలో ముగిసిన పని గంటలో మఱియొకని చేతికి చేరగల చోటు అది. ఇట్టి చోట పెరిగిన స్టీరింగు మేస్త్రి పనిని నేను గంటలకొలది నిలువబడి చూచితిని; ఎంత చూచినను తనివి తీరలేదు.

నిజమైన మేస్త్రి మొదట చేయునది బిగించుట కాదు, పరీక్షించుట. ముందుచక్రములను జాకీపై నేలకెత్తుగా లేపి, స్టీరింగు చక్రమును ఈ కొసనుండి ఆ కొసకు మెల్లగా త్రిప్పి చూచును. ముందుచక్రములు గాలిలో నున్నను స్టీరింగు బరువుగా తిరిగినచో లోపము నడుపువాని బలహీనతలో లేదు; ఎండిన కింగ్‌పిన్నులోనో, అరిగిన రాడ్ ఎండులోనో, వంగిన ర్యాకు అను పళ్లకడ్డీలోనో ఉన్నది. "అయ్యా, ఇది బరువు కాదు, జబ్బు. ముందు జబ్బు నయం చేద్దాం, బరువు సంగతి తర్వాత చూద్దామండి" అని ఒక వృద్ధ మేస్త్రి గ్రీజుగన్ను చేతపట్టి, వచ్చిన బేరమును కాలదన్నుకొనుట నేను కనులార చూచితిని. అరిగిన కీళ్లకు పవర్ జోడించుట రోగికి బరువుపని యప్పగించుటయే యని ఆయన సిద్ధాంతము.

పిదప పంపు. ఇంజను క్రాంకు పుల్లీనుండి బెల్టుతో తిరిగి నూనెను తోయు ఈ పంపునకు అంబాసిడరు ఇంజనుపై పుట్టుకతో వచ్చిన చోటు లేదు; కావున దళసరి రేకుతో బ్రాకెట్టు కోసి, బెల్టు బిగింపునకు పొడవాటి గాడి తీసి, ఊగులాడకుండ రెండుచోట్ల ఊతమిచ్చి అమర్చవలెను. పుల్లీల గాళ్లు ఒకే తలములో నున్నవో లేదో మేస్త్రి ఒక దారము లాగి చూచును. ఒక నూలుపోగు తేడా యున్నను బెల్టు కీచుమని యరచి, కొన్నాళ్లకు అంచు కొఱికికొని తెగును. పుల్లీ పరిమాణముగూడ విచారింపదగినదే: పెద్దదైనచో ఇంజను ఐడిలింగులో నున్నపుడు, అనగా సాయము మిక్కిలి కావలసిన పార్కింగు వేళ, నూనె చాలదు, చిన్నదైనచో రహదారిపై పంపు అతివేగముతో తిరిగి వేడెక్కి చెడును.

అటుపిమ్మట ర్యాకు. చివరికాలపు అంబాసిడరునుండి తీసిన పవర్ ర్యాకు దొరికినచో అదియే ఉత్తమము. దొరకనిచో వేఱు కారుది తెచ్చి ఇముడ్చవలెను. ఇక్కడనే పనివాని పస బయటపడును. ర్యాకు రెండుకొసల లోపలి బాల్‌జాయింట్ల నడుమ దూరము సస్పెన్షను చేతుల కొలతకు సరిపడకున్నచో, చక్రము గోతిలో పడి లేచిన ప్రతిసారి కారు తనంతట తాను పక్కకు లాగును. ఇరుసునకు వెనుక నుండవలసిన ర్యాకును ముందు బిగించినచో చక్రము కుడికి త్రిప్పగా కారు ఎడమకు పోవు విడ్డూరముగూడ జరుగును. నేను చూచిన మేస్త్రి ముందు స్ప్రింగు బలమును సడలించి, నేలపై సుద్దగీత గీసి, చక్రపు అంచునుండి గుండునూలు వ్రేలాడదీసి, జాకీతో చక్రమును అంగుళ మంగుళముగ లేపుచు, గుండు గీతను దాటి పోవుచున్నదేమో కనిపెట్టెను. దాటినపుడెల్ల ర్యాకు పట్టు క్రింద సన్నని రేకు చేర్చియో తీసియో ఎత్తు సరిచేసెను. ఏ కంప్యూటరును లేదు. గుండు కదలకుండ నిలిచినపిమ్మట మాత్రమే బోల్టు బిగించెను.

ఈ ర్యాకు లోపలి వాల్వును తలచుకొన్నపుడెల్ల నాకు ఆశ్చర్యమే. చక్రపు కడ్డీకిని పినియను అను చిన్న పళ్లచక్రమునకును మధ్య సన్నని ఉక్కుపుల్ల యొకటి యుండును. నడుపువాని చేయి బలము పెట్టినకొలది ఆ పుల్ల కొద్దిపాటి మెలిక తిరిగి, వాల్వు రంధ్రములను తెరచి, నూనెను ర్యాకులోని పిస్టను ఒకవైపునకు పంపును. చేయి సడలగానే పుల్ల తిన్ననై సాయము ఆగిపోవును. ఇంజను ఆగినను చక్రమునకు టైర్లతో ఉక్కుబంధము తెగదు. బరువెక్కును గాని లొంగకపోదు. పుల్ల లావైనకొలది చేతికి దారి సమాచారము హెచ్చుగ చేరును, సన్ననైనకొలది తేలికతనము హెచ్చును.

నూనె పోయుటగూడ ఓపికతో చేయవలసిన పని. ఇంజను ఆపి, చక్రములు లేపి, స్టీరింగును ఈ కొసకు ఆ కొసకు మెల్లగా త్రిప్పుచు గాలి బుడగలను డబ్బాలోనికి రప్పించి, నురుగు అణగినపిదపనే ఇంజను వేయవలెను. తుదకు అలైన్‌మెంటు. పూర్వము చేతిబరువు తగ్గించుటకై తక్కువగా నుంచిన కాస్టరు కోణమును, అనగా ముందుచక్రము మలగు అక్షపు వెనుకవాలును, ఇప్పుడు కొంత పెంచుకొనవచ్చును. దానివలన మలుపు దాటగానే చక్రము తనంతట తాను నడిమికి వచ్చును. ఈ చివరిమెట్టు ఎక్కనివాడు సగము పనివాడే.

కాలము మాఱి, చక్రపు కడ్డీకే మోటారు తగిలించు ఎలక్ట్రిక్ విధానము వచ్చినది. 1988లో జపానున సుజుకీ సెర్వోతో మొదలై నేడు పెక్కు చిన్నకార్లలో వ్యాపించినది. పంపు లేదు, పైపు లేదు, ఇంజను శక్తి వృథా పోదు. అయినను నా పక్షపాతము నూనెవైపే. తుక్కుకారు మోటారును తెచ్చి, వేగమును తెలుపు తీగ నెచ్చటను కలుపక బిగించినచో, పార్కింగులో కావలసిన తేలికతనమే హైవేమీదను రాజ్యమేలి, తుమ్మినను కారు గీత దాటును. పైగా అది ఒక్కసారిగా గుంజు కరెంటును పాత డైనమో మోయలేదు. ఆల్టర్నేటరు వేయక ఆ పనికి పూనుకొనుట బ్యాటరీని చంపుటయే.

ఇక అసలు అన్యాయమును చెప్పక తప్పదు. నేడు వీథివీథిని ఒక పూటలో పవర్ స్టీరింగు బిగింతుమను బోర్డులు వెలసినవి. వేఱు గాళ్లుగల రెండు చక్రపు కడ్డీలను గాళ్ల బుష్షుతో కలుపుటకు లేతుపని ఖర్చగునని, కొసకు కొస ఆనించి వెల్డింగు పెట్టి, పైన నల్లరంగు పూసి పంపువారు కలరు! ఆ అతుకు విఱుగుట మలుపులోనే గదా, విఱిగినపిదప లోపలివారి గతి యేమి? అధికపీడనము మోయవలసిన చోట నీటిపైపు వంటి రబ్బరు గొట్టమునకు క్లిప్పు తగిలింతురు. అది పగిలి వేడినూనె మండుచున్న సైలెన్సరు మానిఫోల్డుపై చిమ్మినచో కారు తగులబడును. నకిలీ సీలు పెట్టెపై అసలు కంపెనీ ముద్ర! ఇది మరమ్మతు కాదు, ప్రాణములతో వ్యాపారము. దీని మూలమున చెడ్డపేరు మాత్రము దారము లాగి, గుండు వ్రేలాడదీసి పనిచేయు నిజాయితీపరునకు వచ్చుచున్నది. వాని కుమారుడు ఆ పని నేర్వక వేఱు కొలువు వెదకికొనుచున్నాడు.

అంబాసిడరు నిలుపుకొన్న మహాశయులారా, బేరమాడుటకు ముందు కడ్డీ అతుకు ఎట్లు చేయుదువని మేస్త్రి నడుగుడు. పీడనపు గొట్టమును, సీలును మీ యెదుట విప్పించి చూడుడు. రెండుదినములు పట్టునన్నచో సంతోషింపుడు, ఒకపూట చాలునన్నచో లేచి రండు. ఐ.టి.ఐ. అధ్యాపకులారా, ఈ వృద్ధులు బ్రదికియుండగనే మీ విద్యార్థులను వారి షెడ్లకు పంపి, కొలతలను, పటములను వ్రాసికొననిండు. మంచి మేస్త్రి కోరు కూలి ఎక్కువ కాదు. ఆ కూలి ఇచ్చినవాని కుటుంబము క్షేమముగ ఇల్లు చేరును.