అన్నం లేని కంచంలో పనితనం

అన్నం మానేయమని చెప్పడం తేలిక. మానేశాక మధ్యాహ్నం ఒంటిగంటకు కంచంలో ఏం పెట్టాలో, రాత్రి ఆకలైతే ఏం తాగాలో, ఎన్ని చెంచాల నూనె పోయాలో కూడా చెప్పడం పనితనం. విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ పేరుతో తెలుగునాట ఇంటింటికీ పాకిన వీఆర్‌కే డైట్‌లో నన్ను ఆకట్టుకున్నది ఆ పనితనమే. ఆయన డాక్టర్ కాదు. ఆయన మాటలతో చాలామంది వైద్యులు గట్టిగా విభేదించారు, టీవీ చర్చల్లో ఆ వాదం చాలాకాలం నడిచింది. ఆ వాదంలో ఎవరిది పైచేయి అన్నది పక్కన పెట్టి, ఆ డైట్‌ను ఎలా కట్టారో దగ్గరగా చూద్దాం.

దాన్ని పరీక్షించడానికి వేములపల్లి కంటే కఠినమైన చోటు దొరకదు. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో ఉన్న ఈ మండలానికి ప్రాణం నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాంకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లొదిలారు. అంతకుముందు ఈ నేలలో చాలా భాగం జొన్న, సజ్జ, ఆముదం పండిన మెట్ట. పండగకో పబ్బానికో వరిబువ్వ తిన్న ఇళ్లు ఒక్క తరంలో మూడు పూటలా తెల్లన్నానికి వచ్చాయి. పక్కనే మిర్యాలగూడలో వరుసగా రైస్ మిల్లులు. కోతల కాలంలో రోడ్డంతా వడ్ల ట్రాక్టర్లే. ఇక్కడ అన్నం అంటే ఆకలి తీర్చేదే కాదు, కాలువ వచ్చాక మారిన బతుకుకు గుర్తు. అలాంటి ఊళ్లో కంచంలోంచి అన్నం తీసేయమంటే వినే మనిషి ఉండాలి, వినేలా చెప్పే మాటా ఉండాలి.

రామకృష్ణ ఆ మాటను నాలుగు లెక్కలకు కుదించారు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. మొత్తం కట్టడానికి ఇవి నాలుగు స్తంభాలు. బియ్యం, గోధుమ, పప్పులు, దుంపలు, పండ్లు, చక్కెర, పాలు, పెరుగు బయటికి పోతాయి. గుడ్లు, మాంసం, చేపలు, పనీర్, ఆకుకూరలు, నీటి కాయగూరలు లోపల ఉంటాయి. కేలరీల పుస్తకం అక్కర్లేదు, తూకపు యంత్రం అక్కర్లేదు. చదువు రాని పెద్దమ్మ కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకోగల అంకెలివి. నా దృష్టిలో ఈ డైట్‌లోని మొదటి గొప్పతనం ఇదే. పోషకాహార శాస్త్రవేత్తలు శాతాల్లో చెప్పేదాన్ని ఆయన చెంచాల్లో, కాయల్లో, చెంబుల్లో చెప్పారు.

మాత్రల సంగతి పక్కన పెట్టి, ఇప్పుడు మిగతా మూడు స్తంభాలను ఒక్కొక్కటిగా తట్టి చూద్దాం. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. దాన్ని తీసేస్తే ఒంటికి వేరే ఇంధనం కావాలి. కొవ్వును భయపడుతూ వాడితే మనిషి మూడో రోజుకే నీరసించి అన్నం గిన్నె దగ్గరికి వెళతాడు. అందుకే 70 గ్రాములకు తగ్గొద్దన్న షరతు. పెద్ద చెంచాతో ఐదారు చెంచాలు, అంటే 600 కేలరీల పైమాట. కొబ్బరినూనెను ముందు పెట్టడంలోనూ ఆలోచన ఉంది. అందులోని కొవ్వుల్లో ఒక భాగం మధ్యస్థ గొలుసువి. అవి పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరి త్వరగా కీటోన్లుగా మారతాయి. పిండి అందనప్పుడు మెదడు సైతం ఆ కీటోన్ల మీద చాలావరకు నడుస్తుంది. అయితే కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వు ఎక్కువ. కొందరిలో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలు చేయించుకోమని ఆ పద్ధతిలోనే ఉంది. ఆ పరీక్షలను మధ్యలోనూ చేయించుకోవాలి.

నిమ్మకాయ నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క. పిండి బాగా తగ్గించి కొవ్వు పెంచే కీటోజెనిక్ ఆహారం మీద ఎక్కువకాలం ఉండే పిల్లల్లో కిడ్నీ రాళ్లు రావడం వైద్యులకు తెలిసిన ఇబ్బంది. దాన్ని అడ్డుకోవడానికి పొటాషియం సిట్రేట్ మందుగా ఇస్తారు. నిమ్మరసంలో ఉన్నదీ సిట్రేటే. పండ్లు మానేసినవాడికి విటమిన్ సి కూడా అందులోనే దొరుకుతుంది. పైగా పెరట్లో కాసేది, అంగట్లో చవకగా దొరికేది. ఒక్క కాయతో రెండు పనులు చేయించడం మంచి వడ్రంగి చేసే పని.

నీళ్ల దగ్గర మాత్రం నాకో అభ్యంతరం ఉంది. మన కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా పిండి గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల నీరు కట్టుబడి ఉంటుంది. పిండి మానేసిన మొదటి వారంలో ఆ నిల్వ కరిగి, నీరంతా బయటికి పోయి, తూకంలో రెండు కిలోల దాకా తగ్గుతుంది. అది కొవ్వు కాదు. కానీ మొదటి వారంలోనే ముల్లు కిందికి దిగడం మనిషిని నిలబెట్టే బలం, దాన్ని తక్కువ చేయను. అదే సమయంలో ఇన్సులిన్ పడిపోవడంతో మూత్రపిండాలు సోడియాన్ని బయటికి వదిలేస్తాయి. తలనొప్పి, కాళ్ల పీకులు, కళ్లు తిరగడం దానివల్లే. నాలుగు లీటర్లు తాగుతూ ఉప్పు మరిచిపోతే అవి ఇంకా పెరుగుతాయి. నన్నడిగితే ఉప్పును ఐదో స్తంభంగా పైకే చెప్పి ఉండాల్సింది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకూ, కిడ్నీ జబ్బువాళ్లకూ నాలుగు లీటర్ల నీళ్లే అపాయం.

ఇక వంటింటికి వద్దాం. కాగితం మీది నియమం కూరగా మారేది అక్కడే, అసలు చేతిపని అక్కడే ఉంది. మాంసం తినే ఇంట్లో ఇబ్బంది తక్కువ. బొక్కల సూపు, తలకాయ కూర, గోంగూర మటన్, కోడిగుడ్డు పులుసు ఈ ప్రాంతం వాళ్లకు ఎలాగూ తెలిసినవే. పులుసులో చింతపండు తగ్గించి, వేపుడులో పిండి పట్టించకుండా ఉంటే సరిపోతుంది. అన్నంలో కలుపుకోవడానికి దట్టించే కారం మాత్రం సగానికి తగ్గించాలి. కూరనే కంచం నిండా తినేటప్పుడు అన్నం కోసం వేసిన కారం నోరు కాలుస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక కూర బాగాలేదని డైట్ మానేసినవాళ్లున్నారు.

శాకాహారి ఇంట్లో పని గట్టిది. పప్పు లేదు, పెరుగు లేదు. బీర, సొర, పొట్ల, వంకాయ, బెండ, దోస, తోటకూర, పాలకూరలే ఆధారం. వీటికి బలం ఇవ్వాలంటే పనీర్, కొబ్బరి కావాలి. పప్పు వేసే చోట పచ్చికొబ్బరి రుబ్బి పోస్తే బీరకాయ కూర కంచంలో నిలుస్తుంది. అన్నం బదులు కాలీఫ్లవర్ తురిమి చేసేదానికి ఓ మెలకువ ఉంది. తురుమును పొడిబట్టలో పిండి, వెడల్పాటి మూకుడులో, పెద్ద మంట మీద, మూత పెట్టకుండా వేయించాలి. మూత పెట్టారా, ఆవిరికి మెత్తబడి పచ్చివాసన పట్టుకుంటుంది. చివర్లో ఇంగువ, కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు పడితే పులిహోర జాడ వస్తుంది. అది అన్నం కాదు, ఎవరూ దాన్ని అన్నం అనుకోరు. కానీ చేతికి కలుపుకునే పని దొరుకుతుంది. కలుపుకుని తినడం అలవాటైన మనకు అదీ తిండిలో భాగమే.

ఈ డైట్‌లో తీరని వెలితి పెరుగు. మన భోజనానికి ముగింపు పెరుగన్నమో, మజ్జిగో. అది లేకుండా లేస్తే కడుపు నిండినా భోజనం అయిందనిపించదు. ఉప్పు వేసిన నిమ్మరసం ఆ చోట కొంతవరకు నిలుస్తుంది, పూర్తిగా కాదు.

ఈ పద్ధతికి పూర్వీకులు ఉన్నారు. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే విలియం బాంటింగ్ ఒక వైద్యుడి సలహాతో రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మానేసి ఏడాదిలో సుమారు 21 కిలోలు తగ్గాడు. ఆ అనుభవాన్ని 1863లో చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ మూర్ఛవ్యాధికి కీటోజెనిక్ ఆహారాన్ని ప్రతిపాదించాడు. 1972లో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం దాన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది. రామకృష్ణ చేసింది దాన్ని తెలుగు కంచానికి సరిపడా మళ్లీ కుట్టడం. ఆయనలాగే తెలుగువాళ్లకు తిండి సలహాలు చెప్పిన మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె మానమన్నారు. ఖాదర్ వలీ సిరిధాన్యాలు తినమన్నారు. ఒకరి మాట ఒకరికి పొసగదు. కానీ ముగ్గురి దగ్గరా తగ్గింది తెల్లన్నం కుప్పే. ముగ్గురి వల్లా కొందరు బరువు తగ్గడంలో నాకు వింత కనిపించదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిని ఏడాదిపాటు గమనించి 2018లో ప్రకటించిన ఫలితాలు ఈ సంగతినే బలపరుస్తాయి. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. అంటే పద్ధతి పేరు కంటే ఎంతకాలం నిలబడగలరన్నదే ముఖ్యం. వీఆర్‌కే డైట్ కట్టుబడిలో బలహీనమైన కీలు అక్కడే ఉంది. లోపలికి వెళ్లే తలుపు చక్కగా చెక్కారు, బయటికి వచ్చే తలుపు అంత శ్రద్ధగా చెక్కలేదు. నెలలపాటు పాటించి, ఒకరోజు పెళ్లిభోజనంతో పాత కంచానికి తిరిగొచ్చినవాళ్లకు బరువూ తిరిగొస్తుంది.

ఆ రెండో తలుపు ఎలా ఉండాలో మన దేశంలో షుగర్ మీద జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం నుంచి కొంత ఊహించవచ్చు. 18,090 మంది ఆహారాన్ని పరిశీలించిన ఆ పరిశోధకులు, కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు దాన్నుంచి బయటపడాలంటే పిండిపదార్థాల నుంచి వచ్చే కేలరీలు 49 నుంచి 54 శాతానికి తగ్గాలని, ప్రొటీన్ 20 శాతం దాకా పెరగాలని లెక్కగట్టారు. మనం తినేది 60 శాతం పైనే. అన్నం పూర్తిగా మానక్కర్లేదు. కుప్పను సగం చేసి, ఆ ఖాళీలో పప్పు, గుడ్డు, చేప, కూర పెడితే చాలు. వేములపల్లి రైతు తాను పండించిన బియ్యాన్ని తినగలడు, ఒంటినీ కాపాడుకోగలడు. డైట్ ముగించేవాళ్లు అన్నాన్ని ఒక పూటకు, ఒక గరిటెకు మించకుండా మళ్లీ మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఈ డైట్ చేయాలనుకునేవాళ్లకు ఒక్క విన్నపం. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతూ ఈ డైట్ చేసేవాళ్లలో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లపూరితమై ప్రాణం మీదికి రావచ్చు. టైప్-1 షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, కిడ్నీ జబ్బువాళ్లు సొంతంగా దీని జోలికి పోవద్దు. మిగతావాళ్లు కూడా వాడుతున్న మాత్రల చీటీ పట్టుకుని ముందు మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆ తర్వాతే కొబ్బరినూనె కొనండి.